జహ్రా సరిహద్దులో ఉగ్రవాద ముప్పు సమాచారం

కువైట్‌లో ఆరు గవర్నరేట్లు ఉంటే, దేశం నేలలో సుమారు మూడింట రెండు వంతులు ఒక్క జహ్రాదే. రాజధానికి పడమరగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో జహ్రా పట్నం ఉంది. అక్కడి నుంచి ముత్లా గుట్టలు దాటి ఉత్తరానికి పోతే ఇరాక్ సరిహద్దులోని అబ్దలీ వస్తుంది. నైరుతిగా ఎడారి దారి పట్టుకుంటే సౌదీ సరిహద్దులోని సాల్మీ. ఈ రెండు కొసల మధ్య అలీ అల్ సాలెం వైమానిక స్థావరం, కూరగాయల తోటలు, ఒంటెల మందలు, గొర్రెల దొడ్లు, ఏ దేశ పౌరసత్వమూ లేని బిదూన్‌ల వాడలు కనిపిస్తాయి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లు ఈ తోటల్లో, మందల దగ్గర, అరబ్బుల ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. రెండు దేశాల సరిహద్దులు, విదేశీ సైన్యాలు దిగే స్థావరం, కాగితాలు లేని జనం ఒక్కచోట ఉన్నందువల్ల ఉగ్రవాద ముప్పు సమాచారాన్ని ప్రభుత్వ శాఖలు ఎలా పంచుకుంటాయో, ఎక్కడ పంచుకోలేకపోయాయో, పంచుకోవడం వల్ల ఎవరు నలిగారో తెలుసుకోవడానికి జహ్రాను మించిన చోటు అరుదు.

ముప్పు సమాచారం అనగానే పేరు, ఊరు, తేదీ రాసి ఉన్న రహస్య పత్రం మనసులో మెదులుతుంది. అలాంటిది చేతికి దొరకడం చాలా అరుదు. మామూలుగా దొరికేవి చిన్నవి: ఒక ఫోన్ నంబరు, సరిహద్దు దాటిన బండి నంబరు, బ్యాంకు ద్వారా వెళ్లిన కొద్ది మొత్తం, ఒకే నెలలో మూడుసార్లు వచ్చి వెళ్లిన ప్రయాణికుడు. విడిగా చూస్తే వీటిలో ఏదీ నేరం కాదు. కువైట్‌లో ఇవి వేర్వేరు చేతుల్లో ఉంటాయి. ఆంతరంగిక శాఖ కింద పనిచేసే రాజ్య భద్రతా విభాగాన్ని అరబ్బీలో మబాహిస్ అమ్న్ అద్దౌలా అంటారు. అనుమానితుల మీద కన్ను వేసేది అదే. సరిహద్దు చౌకీలో మనిషిని చూసేవాళ్లు ఒకరు, బండిలోని సరుకును చూసే కస్టమ్స్ వాళ్లు మరొకరు. సైన్యానికి తన నిఘా తనకుంది. డబ్బు జాడ 2013 నాటి 106వ చట్టం కింద ఏర్పడిన ఆర్థిక నిఘా విభాగానికి చేరుతుంది. మనవాళ్లు బత్తాకా అని పిలుచుకునే సివిల్ ఐడీ వివరాలు ఇంకో సంస్థ దగ్గర, తోట ఎవరి పేరున ఉందన్నది వ్యవసాయ సంస్థ దగ్గర ఉంటాయి.

ఇవన్నీ ఒక్కచోటికి రాకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటే. సమాచారం ఇచ్చిన మనిషి ప్రాణం మీదికి వస్తుందన్న భయం ఉంటుంది, అది నిజమైన భయం. ఒక దేశం ఇచ్చిన కబురును, ఆ దేశం ఒప్పుకోకుండా, మూడో దేశానికి చెప్పకూడదన్న కట్టుబాటు నిఘా సంస్థలు సాధారణంగా పాటిస్తాయి. ఆ కట్టుబాటు తప్పిన సంస్థకు మళ్లీ ఎవరూ నోరు విప్పి చెప్పరు. అన్నిటికన్నా మొండిది ఇంకొకటుంది. తన దగ్గరున్న ముక్క ఎదుటి శాఖకు పనికొస్తుందని ఈ శాఖకు తెలియకపోవడం. 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు జరిగింది ఇదే. దాడిచేసినవాళ్లలో ఇద్దరి గురించి అమెరికా విదేశీ నిఘా సంస్థ సీఐఏకు ముందే తెలుసు. దేశం లోపల వెతకవలసిన ఎఫ్‌బీఐ చేతికి ఆ పేర్లు అందేసరికి 2001 ఆగస్టు వచ్చేసింది. విచారణ సంఘం 2004లో ఇచ్చిన నివేదిక ఈ జాప్యాన్ని పూసగుచ్చినట్టు రాసింది. అవసరమున్నవాడికే చెప్పాలన్న పాత పద్ధతి స్థానంలో, పంచుకోవడమే బాధ్యత అన్న మాట అప్పటి నుంచి బలపడింది.

హెచ్చరిక, నమ్మకం

జహ్రాకు హెచ్చరికల చరిత్ర కొత్తది కాదు. 1920లో నేటి సౌదీ మధ్యభాగమైన నజ్ద్ నుంచి ఇఖ్వాన్ అనే తెగల యోధుల దళాలు దండెత్తి వస్తున్నాయన్న కబురు అందుకుని కువైట్ పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్ మనుషులను తీసుకుని జహ్రా చేరాడు. అక్టోబరు 10న యుద్ధం జరిగింది. ఆ రోజు ఆయన తలదాచుకున్న ఎర్రకోట ఇప్పటికీ పట్నంలో ఉంది. ఎడారిలో ఒంటె మీద వచ్చే కబురుకు ఒక సుగుణం ఉండేది: తెచ్చినవాడు ఎదురుగా నిలబడేవాడు, విన్నవాడు అతని ముఖం చూసి నమ్మాలో లేదో తేల్చుకునేవాడు.

డెబ్బై ఏళ్ల తర్వాత పరికరాలు పెరిగాయి, నమ్మకం తగ్గింది. 1990 జులై 25న సీఐఏలో హెచ్చరికల బాధ్యత చూసే చార్లెస్ అలెన్, ఇరాక్ యుద్ధానికి దిగే అవకాశం ఎక్కువగా ఉందని రాతపూర్వకంగా తెలియజేశాడు. ఉపగ్రహ చిత్రాల్లో ట్యాంకులు కనిపిస్తూనే ఉన్నాయి. ఇరాక్ బెదిరిస్తున్నదే తప్ప దాడి చేయదని అరబ్ దేశాధినేతలు చెప్పిన మాటకే ఎక్కువ విలువ దక్కింది. ఆగస్టు 2 తెల్లవారుజామున సరిహద్దు వైపు చూస్తూ ఎగరేసిన బెలూన్ రాడార్ బారులు తీరిన వాహనాలను పట్టుకునేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ ఉదయం జహ్రా దగ్గర వంతెనల వద్ద కువైట్ 35వ కవచ దళం ఎదురు నిలిచి పోరాడింది. ఇది ఉగ్రవాదం కాదు, దేశం మీద దేశం చేసిన దండయాత్ర. అయినా ఇక్కడ చెప్పుకోక తప్పదు. అందిన కబురును నమ్మనప్పుడు అందనట్టే లెక్క.

పేరు, వేలిముద్ర

సమాచారం పంచుకోవడంలో పేరు ఎంత బలహీనమైన ఆధారమో కువైట్‌కు 1983లోనే తెలిసింది. ఆ ఏడాది డిసెంబరు 12న గంటన్నర వ్యవధిలో అమెరికా, ఫ్రాన్స్ దౌత్య కార్యాలయాలు, విమానాశ్రయం సహా ఆరు చోట్ల పేలుళ్లు జరిగాయి. ఆరుగురు చనిపోయారు. అమెరికా కార్యాలయం మీదికి లారీ నడిపినవాడిని శిథిలాల్లో దొరికిన వేలి ఆధారంగా గుర్తించారు. ఈ కేసులో 17 మందికి శిక్ష పడింది. వారిలో ఇల్యాస్ సాబ్ అనే పేరుతో జైలుకు వెళ్లినవాడు నిజానికి లెబనాన్‌కు చెందిన ముస్తఫా బద్రుద్దీన్. 1990లో ఇరాక్ ఆక్రమణ వేళ జైళ్లు తెరుచుకోవడంతో, అప్పటికి లోపలున్న మిగతావాళ్లతో పాటు అతనూ తప్పించుకున్నాడు. 2005లో లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య జరిగింది. ఆ కేసు కోసం ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2011లో నేరం మోపినవారి జాబితాలో అతని పేరుంది. ఒకే మనిషి రెండు దేశాల దస్త్రాల్లో రెండు పేర్లతో ఉంటే, ఆ దస్త్రాలను పక్కపక్కన పెట్టినా ఒకదానినొకటి గుర్తుపట్టలేవు.

పేరు చిక్కు మన గల్ఫ్ కుటుంబాలకు బాగా తెలిసినదే. ఒక్క అరబ్బీ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాయవచ్చు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి వెనక, ఇంకొకరికి ఒట్టి పొడి అక్షరమే. ఒకసారి దేశం నుంచి పంపించివేస్తే, పేరు కాస్త మార్చి కొత్త పాస్‌పోర్టుతో తిరిగి వెళ్లినవాళ్లు ఒకప్పుడు ఉండేవారు. విమానాశ్రయంలో వేళ్లు అద్దించడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. పేరు పోలికతో అమాయకుడు ఇరుక్కోవడం, పేరు తేడాతో నేరస్థుడు జారిపోవడం ఒకే నాణేనికి రెండు ముఖాలు. వేలిముద్ర, ముఖం, కనుపాప పంచుకోవాలని దేశాలు పట్టుబట్టడం వెనక ఉన్నది ఇదే. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2017 డిసెంబరులో చేసిన 2396వ తీర్మానం విమాన ప్రయాణికుల వివరాలను, శరీర గుర్తులను సేకరించి పోల్చిచూడమని సభ్యదేశాలన్నిటినీ ఆదేశించింది.

2015 వేసవి

కువైట్ భద్రతా వ్యవస్థను మలుపు తిప్పినది 2015. ఆ ఏడాది జూన్ 26, రంజాన్ నెల శుక్రవారం, రాజధానిలోని ఇమాం సాదిఖ్ మసీదులో మధ్యాహ్న నమాజు వేళ ఆత్మాహుతి దాడి జరిగింది. 27 మంది చనిపోయారు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. మృతుల్లో ఇద్దరు భారతీయులు. దాడిచేసినవాడు సౌదీ యువకుడు. ముందురోజు సాయంత్రం రియాద్‌లో విమానమెక్కి, బహ్రెయిన్‌లో మారి, దాడి జరిగిన శుక్రవారం తెల్లవారుజామున కువైట్‌లో దిగాడు. గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులకు ఒక దేశం నుంచి మరో దేశానికి వీసా అక్కర్లేదు. మూడు దేశాల చౌకీలు అతన్ని ఒక్క రాత్రిలో చూశాయి. బాంబులను మంచు పెట్టెలో దాచి దక్షిణాన నువైసీబ్ చౌకీ మీదుగా బండిలో తెచ్చారని కువైట్ ప్రకటించింది. మనిషి ఆకాశ మార్గాన, బాంబు నేల మార్గాన వచ్చి కలుసుకున్నాయి. మనిషిని చూసిన అధికారికి బాంబు సంగతి తెలియదు, బండిని చూసిన అధికారికి మనిషి సంగతి తెలియదు.

దాడి తర్వాత మాత్రం కబుర్లు చకచకా నడిచాయి. బాంబులు చేరవేసిన సౌదీ సోదరుల్లో ఒకరు కువైట్‌లో, ఒకరు సౌదీలోని తాయిఫ్‌లో, మరొకరు సరిహద్దు దగ్గరి ఖఫ్జీలో కాల్పుల తర్వాత దొరికారు. జులై మొదటి వారంలోనే సౌదీ ఈ అరెస్టులను ప్రకటించింది. ఆ వేగం రెండు దేశాల మధ్య దారులు ఉన్నాయని చూపుతుంది. దాడికి ముందు ఆ దారుల్లో ఏమీ నడవలేదన్నదే బాధ.

దాడి జరిగి ఏడు వారాలు గడవకుండానే చూపంతా జహ్రా గవర్నరేట్ మీదికి మళ్లింది. అబ్దలీలోని ఒక తోటలో, ఇంటి కింద దాచిన ఆయుధాలు దొరికాయని ఆగస్టు 13న ఆంతరంగిక శాఖ ప్రకటించింది. 19 టన్నుల మందుగుండు, 144 కిలోల పేలుడు పదార్థం, 68 ఆయుధాలు, 204 చేతి బాంబులు అన్నది ఆ ప్రకటనలోని లెక్క. ఇరాక్ నుంచి దొంగదారిన తెచ్చారని శాఖ చెప్పింది. 26 మంది మీద కేసు పెట్టారు. అందులో 25 మంది కువైటీలు, ఒకరు ఇరాన్ జాతీయుడు. ఇరాన్‌తో, లెబనాన్ హిజ్‌బుల్లాతో వారికి సంబంధముందన్నది ప్రధాన ఆరోపణ. ఇరాన్ దాన్ని ఖండించింది. 2016 జనవరిలో కింది కోర్టు ఇద్దరికి మరణశిక్ష వేసింది. 2017 జూన్‌లో అత్యున్నత న్యాయస్థానం ప్రధాన నిందితుడి మరణశిక్షను యావజ్జీవంగా మార్చి, 21 మందిని దోషులుగా తేల్చింది. అప్పటికే బయట ఉన్న కొందరు దొరక్కుండా పోయారు. జులైలో కువైట్ ఇరాన్ రాయబారిని వెళ్లిపొమ్మంది. ఆగస్టులో పారిపోయినవారిలో పన్నెండు మందిని పట్టుకున్నారు.

అబ్దలీ కేసు దగ్గర కాసేపు ఆగాలి. పందొమ్మిది టన్నులు ఒక్క రాత్రిలో ఒక్కరు మోసుకురాగల బరువు కాదు. గుంత తవ్వాలి, సిమెంటు పోయాలి, బండ్లు తిరగాలి. సరిహద్దు కంచె సైన్యానికి, పోలీసులకు కనబడుతుంది. తోట ఎవరిదో వ్యవసాయ సంస్థకు తెలుసు. కరెంటు మీటరు ఇంకో శాఖది. వీటిలో ఏ ముక్కకైనా విడిగా అర్థం లేదు, తోట మధ్యలో కొత్త గది కట్టుకోవడం అక్కడ రోజూ జరిగేదే. ముప్పును పసిగట్టాలంటే ఈ ముక్కలన్నిటినీ ఒక బల్ల మీద పరిచే మనిషి ఒకడుండాలి, అతనికి అవన్నీ అడిగే అధికారం ఉండాలి. చిన్న దేశంలో ఇది సులువనిపిస్తుంది. శాఖల మధ్య గోడలు దేశం సైజును బట్టి ఉండవు.

హైదరాబాద్ అనుభవం

తెలుగు పాఠకులకు ఇదే కథ ఇంటి దగ్గర తెలిసినది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి పదిహేను మందికి పైగా చనిపోయారు. ముందే హెచ్చరిక పంపామని కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే చెప్పారు. అది అన్ని రాష్ట్రాలకూ మామూలుగా వచ్చే హెచ్చరికేనని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైపు నుంచి జవాబు వచ్చింది. ఇద్దరి మాటలోనూ నిజముంది. దానికి ముందు 2012 అక్టోబరులోనే, ఢిల్లీ పోలీసులకు పట్టుబడినవారు తాము దిల్‌సుఖ్‌నగర్‌ను చూసి వచ్చామని చెప్పినట్టు తేలింది. ఊరి పేరు, వాడ పేరు నాలుగు నెలల ముందే కాగితం మీద ఉన్నాయి. లేనిది తేదీ. తేదీ లేని హెచ్చరిక అందుకున్న పోలీసు అధికారి రద్దీ కూడలిలో ఎన్నాళ్లని కాపలా పెట్టగలడు? కార్గిల్ యుద్ధం తర్వాత, శాఖల మధ్య నిఘా సమాచారం పంచడానికి 2001లో ఏర్పడ్డ మల్టీ ఏజెన్సీ సెంటర్‌ను, ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబరు 31న రోజంతా పనిచేసేలా తిరిగి నిలబెట్టారు. రాష్ట్రాల్లోనూ దానికి అనుబంధ కేంద్రాలున్నాయి. అంటే గొట్టం ఉంది, అందులో నీరు కూడా పారింది. ఏ మడికి ఎప్పుడు పెట్టాలో చెప్పే మాటే కొరవడింది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో పడ్డ మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది.

భారత్, కువైట్ మధ్య నేరుగా కబురు నడిచి ఫలించిన సందర్భమూ ఉంది. 2014 మేలో మహారాష్ట్రలోని కల్యాణ్ నుంచి నలుగురు యువకులు యాత్రికులతో కలిసి ఇరాక్ వెళ్లి ఐసిస్‌లో చేరారు. వారికి డబ్బు పంపినవాడు కువైట్ పౌరుడని మన జాతీయ దర్యాప్తు సంస్థ తేల్చింది. 2016 ఆగస్టులో కువైట్ అతన్ని అరెస్టు చేసింది. పెద్ద మొత్తమేమీ కాదు, డబ్బు బదిలీ దుకాణంలో ఎవరైనా పంపగలిగినంతే. అలాంటి దుకాణాల ముందు వారాంతాల్లో మన కార్మికులు వరుస కడతారు. వేల చీటీల్లో ఆ ఒక్క చీటీని పట్టుకోవడానికి రెండు దేశాల దస్త్రాలూ కలవవలసి వచ్చింది. 2024 డిసెంబరులో భారత ప్రధాని కువైట్ వెళ్లినప్పుడు వెలువడిన ఉమ్మడి ప్రకటనలో, ఉగ్రవాదం విషయంలో నిఘా సమాచారం పంచుకోవడాన్ని పెంచుతామని రెండు దేశాలూ రాసుకున్నాయి.

అందరి రక్తం, అందరి వేళ్లు

2015 జులైలో, మసీదు దాడి జరిగి నెల తిరగకముందే, కువైట్ పార్లమెంటు 78వ చట్టం చేసింది. పౌరులు, అకామా (నివాస అనుమతి) మీద ఉన్న విదేశీయులు, చూసిపోవడానికి వచ్చినవాళ్లు, అందరూ డీఎన్ఏ నమూనా ఇవ్వాలన్నది దాని సారం. ఇవ్వనంటే ఏడాది జైలు, పదివేల దీనార్ల వరకు జరిమానా. ప్రపంచంలో ఏ దేశమూ అంతవరకు దేశం మొత్తం మీద ఇలాంటి నిర్బంధం పెట్టలేదు. 2016లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం దీన్ని తప్పుపట్టింది. దేశంలోనూ న్యాయవాదులు కోర్టుకెక్కారు. 2017 అక్టోబరు 5న రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. భయంలో ఉన్న దేశం తప్పుచేస్తే దాన్ని దిద్దే చోటు ఆ దేశంలోనే ఉండడం చిన్న విషయం కాదు, ఆ న్యాయమూర్తులు గౌరవించదగ్గవారు.

డీఎన్ఏ పోయినా శరీర గుర్తుల సేకరణ ఆగలేదు. 2023 నుంచి వేళ్లు, ముఖం, కళ్ల ముద్రలు తీసుకోవడం దేశమంతటా నడిచింది. పౌరులకు 2024 సెప్టెంబరు నెలాఖరు, విదేశీయులకు డిసెంబరు నెలాఖరు గడువు పెట్టారు. గడువు దాటితే ప్రభుత్వ సేవలు, బ్యాంకు లావాదేవీలు ఆగిపోతాయన్నారు. మందల దగ్గర ఉండే గొర్రెల కాపరి తన కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, బతిమాలి ఒకపూట సెలవు పెట్టుకుని కేంద్రానికి పోవాల్సి వచ్చింది.

గల్ఫ్ దేశాల మధ్య పంపకం విషయంలోనూ కువైట్ ఒక ప్రశ్న వేసింది. 2012 నవంబరులో రియాద్‌లో సంతకాలైన గల్ఫ్ భద్రతా ఒప్పందం, పౌరుల, నివాసుల వివరాలను కోరిన దేశానికి ఇవ్వమంటుంది. తమ రాజ్యాంగం ఇచ్చిన రక్షణలు సరిహద్దు దాటగానే కరిగిపోతాయన్న ఆందోళనతో, 2014లో కువైట్ పార్లమెంటు విదేశాంగ సంఘం దాన్ని తోసిపుచ్చింది. ఒక దేశంలో ఎన్నికైన సభ్యుడు చేసే విమర్శ, పక్క దేశంలో ఉగ్రవాదంగా నమోదు కావచ్చు. డబ్బు జాడ విషయంలో అలాంటి జంకు కనబడలేదు. ఉగ్రవాద నిధుల మీద గురిపెట్టేందుకు 2017 మేలో రియాద్ కేంద్రంగా అమెరికా, గల్ఫ్ దేశాలు కలిసి పెట్టుకున్న వ్యవస్థలో కువైట్ చేరింది.

తైమా

జహ్రా పట్నం పక్కనే తైమా ఉంది. కువైట్‌లో బిదూన్‌లు లక్ష మంది దాకా ఉంటారని ఒకప్పుడు ప్రభుత్వమే అంచనా కట్టింది. వారు ఎక్కువగా ఉండే వాడల్లో ఇదొకటి. దేశం స్వాతంత్ర్యం పొందిన రోజుల్లో నమోదు చేసుకోని సంచార తెగల పిల్లలు, మనవలు వీళ్లు. ఒకప్పుడు సైన్యంలో, పోలీసుల్లో పెద్ద సంఖ్యలో పనిచేసినవాళ్లు. 2010లో వీరి వ్యవహారాలు చూసేందుకు ఒక కేంద్ర సంస్థ ఏర్పడింది. 2011 ఫిబ్రవరిలో తైమా వీధుల్లోకి వచ్చి వాళ్లు పౌరసత్వం అడిగారు.

2015లో మసీదు దగ్గరికి ఆ సౌదీ యువకుణ్ని బండిలో తీసుకెళ్లినవాడు బిదూన్. అతనికి 2023 జులైలో ఉరిశిక్ష అమలైంది. ఐసిస్ తరఫున బందీలను చంపి ప్రపంచాన్ని వణికించిన మహమ్మద్ ఎంవాజీ కుటుంబం కూడా జహ్రా ప్రాంతపు బిదూన్ కుటుంబమే. అతని చిన్నతనంలోనే వాళ్లు లండన్ వెళ్లిపోయారు. 2009 నుంచి బ్రిటన్ నిఘా సంస్థలకు అతను తెలుసు, అయినా 2013 నాటికి సిరియా చేరగలిగాడు. ఈ రెండు పేర్ల నీడ తైమాలోని వేల కుటుంబాల మీద పడింది.

బిదూన్‌ల దస్త్రాల్లో భద్రతా నిబంధన అనే గుర్తు ఒకటి ఉంటుంది. ఎవరో బంధువు మీద పాత అనుమానం, 1990 ఆక్రమణ కాలంలో ఇరాకీలకు సహకరించాడన్న ఆరోపణ, ఊరేగింపులో కనబడడం, ఇలాంటివి దానికి కారణాలని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఆ గుర్తు పడితే గుర్తింపు కార్డు ఆగుతుంది. కార్డు లేకపోతే బడి, ఆసుపత్రి, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు అన్నీ చిక్కే. శాఖల మధ్య సమాచారం ఇంత చక్కగా, ఇంత పూర్తిగా నడిచే చోటు ఇంకొకటి లేదనిపిస్తుంది. అబ్దలీ తోట ముక్కలు కలవలేదు గానీ, తైమాలో ఒక తండ్రి మీద పడ్డ గుర్తు అతని కూతురి బడి దాకా చేరుతుంది.

ఐక్యరాజ్యసమితి అల్ ఖైదా, ఐసిస్ ఆంక్షల జాబితాలో పేరు పడ్డవాడు కూడా దాన్ని తీసివేయమని అడగడానికి 2009లో ఏర్పడిన ఒక స్వతంత్ర అధికారి పదవి ఉంది. ఇంటర్‌పోల్ దస్త్రాల్లో తన గురించి ఏముందో చూపమని, తప్పుంటే దిద్దమని ఎవరైనా దాని పర్యవేక్షక సంఘానికి రాసుకోవచ్చు. తైమాలోని తండ్రికి తన దస్త్రంలోని గుర్తు ఎందుకు పడిందో చూపించే కిటికీ లేదు. పౌరసత్వం రాజ్యాధికారానికి సంబంధించిన విషయమంటూ కువైట్ న్యాయస్థానాల చట్టం ఆ తగాదాలను కోర్టు గడప బయటే నిలిపేస్తుంది.